క్లోమ క్యాన్సర్ ముక్క చెడకుండా ల్యాబుకు చేరాలి: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వాసుపత్రుల్లో క్లోమ (పాంక్రియాస్) క్యాన్సర్ అనుమానం ఉన్న ప్రతి రోగికీ స్కానింగ్, పరీక్షకు ముక్క తీసి ల్యాబుకు పంపడం, రిపోర్టు రాయడంలో ఒకే పద్ధతి పాటించేలా ఉత్తర్వు ఇవ్వండి. కొత్త యంత్రాలేమీ అడగడం లేదు.

ఈ గడ్డలో క్యాన్సర్ కణాల కన్నా వాటి చుట్టూ అల్లుకున్న పీచే ఎక్కువ, కొన్నిట్లో 80 శాతం దాకా. ఫైబ్రోబ్లాస్టులనే పీచు తయారుచేసే కణాలు కొల్లాజెన్ (పీచు ప్రొటీన్), హయలురోనన్ (నీటిని పట్టి ఉంచే జిగురు పదార్థం) పోగేసి గడ్డను బిగించేస్తాయి. ఆ ఒత్తిడికి రక్తనాళాలు నలిగి కీమో మందు లోపలికి సరిగా చేరదు. రోగనిరోధక టి కణాలూ చాలావరకు బయటే ఆగిపోతాయి. పోనీ పీచును కరిగిద్దామా అంటే, హయలురోనన్‌ను కరిగించే మందు 2019లో మూడో దశ పరీక్షలో ఆయుష్షు పెంచలేకపోయింది. 2014లో ఎలుకల్లో ఫైబ్రోబ్లాస్టులను తగ్గిస్తే జబ్బు ఇంకా ముదిరింది. కాబట్టి పీచు ఎంతుందో చూస్తే చాలదు, అది ఎలాంటిదో, సీడీ8 కణాలు (క్యాన్సర్ కణాలను చంపే టి కణాలు) లోపలిదాకా వచ్చాయో లేదో కూడా చూడాలి. ఆ కణాలు బాగా చేరినవారు సాధారణంగా ఎక్కువకాలం బతుకుతున్నారు.

ముక్క పాడైతే ఇవేవీ కనబడవు. క్లోమంలో జీర్ణరసాలుంటాయి గనుక తీసిన ముక్క తనను తానే అరిగించుకుంటుంది. సెలైన్‌లో వేసి విశాఖ పంపితే స్లైడు మీద కణాల హద్దులే తెలియవు. సూదితో తీసిన ముక్క వెంటనే, ఆపరేషన్‌లో తీసిన భాగం గంటలోపు ఫార్మలిన్‌లో (ముక్క చెడకుండా ఉంచే ద్రావణం) పడాలి. లీటరుకు బజారు ఫార్మలిన్ 100 మి.లీ., డిస్టిల్డ్ వాటర్ 900 మి.లీ., సోడియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 4 గ్రాములు, డైసోడియం హైడ్రోజన్ ఫాస్ఫేట్ 6.5 గ్రాములు. ఫాస్ఫేట్లు మానేస్తే ద్రావణం ఆమ్లమై స్లైడు నిండా నల్లటి మరకలు. ముక్కకు పదింతల ద్రావణం, 6 నుంచి 72 గంటలు. పేరు సీసా ఒంటి మీదే రాయాలి, మూతలు మారిపోతాయి.

అంతకుముందు స్కానింగ్ సంగతి. గడ్డ పిత్తనాళాన్ని నొక్కి కామెర్లు వస్తే, పసరు మందు చుట్టూ తిరిగేసరికే వారాలు పోతాయి. తీరా ఆసుపత్రికి వచ్చాక ముందు పిత్తనాళంలో స్టెంట్ (దారి తెరిచే చిన్న గొట్టం) వేసి తర్వాత సీటీ తీస్తే, వాపు వల్ల గడ్డ రక్తనాళాలను అంటిందో లేదో తేల్చడం కష్టం. చీము పట్టి జ్వరం లేకపోతే సీటీయే ముందు. కాంట్రాస్ట్ (స్కానులో రక్తనాళాలు స్పష్టంగా కనబడేలా ఎక్కించే మందు) ఎక్కించాక 40-50 సెకన్లకు ఒకసారి, 65-70 సెకన్లకు మరోసారి, 3 మి.మీ. మించని పొరలతో తీయాలి. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం నుంచి వచ్చినవారికి ముందు క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్ష) చూడాల్సిందే. జీఎఫ్ఆర్ (కిడ్నీలు రక్తాన్ని వడకట్టే వేగం) 30 కన్నా తక్కువుంటే కిడ్నీ డాక్టర్‌ను అడగకుండా కాంట్రాస్ట్ వద్దు. క్లోమ క్యాన్సర్‌కు చేసే రక్తపరీక్ష సీఏ 19-9 కామెర్లలో ఊరికే పెరుగుతుంది, అవి తగ్గాక మళ్లీ చేయించాలి.

నేరుగా ఆపరేషన్‌కు వీలైనవారికి ముందు ముక్క పరీక్ష అక్కర్లేదు, కాలయాపన. కీమోతో మొదలుపెట్టేవారికి తప్పనిసరి. అదీ చుట్టూ ఉన్న పీచుతో సహా ముక్క వచ్చే కోర్ సూదితో అయితే మేలు.

ఆపరేషన్ తర్వాతి రిపోర్టులో అంచుకు క్యాన్సర్ ఎన్ని మిల్లీమీటర్ల దూరంలో ఉందో, కనీసం 12 లింఫ్ గ్రంథులు చూశారో లేదో, నరాల్లోకి పాకిందో లేదో ఉండాలి. సీడీ8 లెక్క ఇంకా చికిత్సను మార్చే దశకు రాలేదు, అందరికీ చేయమనడం లేదు. ముక్కను మైనంలో పొదిగి ఉంచే పారాఫిన్ బ్లాకులు మాత్రం పారేయకూడదు. రోగి విశాఖ వెళ్తానంటే అదే రోజు రసీదు రాయించుకుని బ్లాకు చేతికివ్వాలని ఉత్తర్వులో చేర్చండి. లేకపోతే అక్కడ మళ్లీ సూది గుచ్చాలి.

ఇట్లు,
ఉత్తరాంధ్ర క్యాన్సర్ వైద్యులు, పాథాలజిస్టులు కొందరు