రొమ్ములో గడ్డల కరపత్రానికి సాయపడ్డ అందరికీ కృతజ్ఞతలు

రొమ్ములో గడ్డల గురించి మేం తయారుచేసిన కరపత్రం అచ్చుకు వెళ్లింది. వాక్యం వాక్యం చదివి దిద్దిపెట్టిన సర్జన్లకు, స్కాన్లు చదివే రేడియాలజిస్టులకు, తీసిన ముక్కను పరీక్షించే పాథాలజిస్టులకు, నర్సులకు, తమ రిపోర్టులు తెచ్చి ‘ఈ ముక్క మాకు అర్థం కావట్లేదు’ అని వేలుపెట్టి చూపించిన ఆడవాళ్లకు మనస్ఫూర్తిగా నమస్కారాలు. ఎవరి సాయం దేనికి పనికొచ్చిందో నలుగురికీ తెలియాలని ఇది రాస్తున్నాం.

సర్జన్లు పట్టుబట్టి మొదటి పేజీలోనే పెట్టించిన మాట ఒకటుంది. రొమ్ములో కనిపించే గడ్డల్లో ఎక్కువ భాగం క్యాన్సర్ కావు. నిజమే, కానీ మీ గడ్డ వాటిలో ఒకటని చెప్పాల్సింది పరీక్షలు, మన వేళ్లు కాదు. డాక్టరు చేత్తో చూడటం, స్కానింగ్ లేదా మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), అవసరమైతే సూదితో ముక్క తీసే బయాప్సీ: ఇవన్నీ ఒకే మాట చెప్పాలి. ఒకదానికొకటి పొసగకపోతే విషయం తేలేదాకా వదలకూడదు. గడ్డ చేతికి స్పష్టంగా తగులుతుంటే, మామోగ్రామ్ నార్మల్ వచ్చిందని ఊరుకోకండి. రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవాళ్లకు అదీ తెల్లగానే కనిపిస్తుంది, గడ్డా తెల్లగానే కనిపిస్తుంది. ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. అందుకే అల్ట్రాసౌండ్ కూడా చేయించాలి. సాధారణంగా 30 ఏళ్లలోపు వాళ్లకు ముందు అల్ట్రాసౌండే చేస్తారు, 40 దాటితే మామోగ్రామ్, అల్ట్రాసౌండ్ రెండూ.

స్కాన్ రిపోర్టు చివర, క్యాన్సర్ అనుమానం ఎంతుందో చెప్పే బైరాడ్స్ అంకెను విడమరిచి చెప్పిన రేడియాలజిస్టులకు ప్రత్యేకంగా రుణపడి ఉన్నాం. ‘బైరాడ్స్ 0’ చూసి ‘సున్నా వచ్చింది, ఏమీ లేదు’ అనుకుని ఫైలు మూసేసే ప్రమాదం ఉంది. 0 అంటే పరీక్ష పూర్తి కాలేదని, ఇంకో స్కాన్ కావాలని అర్థం. 1 అంటే ఏమీ కనబడలేదని, 2 అంటే కనబడింది క్యాన్సర్ కాదని. 3 అయితే క్యాన్సర్ అయ్యే అవకాశం 2 శాతానికి మించదు. మామూలుగా 6 నెలలకు మళ్లీ స్కాన్ చేసి మార్పు ఉందేమో చూస్తారు. ఆ తేదీ తప్పించవద్దు. 4, 5 వస్తే బయాప్సీ చేయించాల్సిందే.

గడ్డ చేతికి ఎలా తగులుతుందో సులువైన మాటల్లో రాసిచ్చింది నర్సులు. ఫైబ్రోఅడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డ వయసులో ఉన్న ఆడపిల్లల్లో ఎక్కువ. నున్నగా, గట్టి రబ్బరు బంతిలా ఉండి, పట్టుకోబోతే వేళ్ల కింద నుంచి జారిపోతుంది. చిన్నగా ఉండి, పెరగకపోతే తీయాల్సిన పని లేదు. 3 సెంటీమీటర్లు దాటినా, గబగబా పెరుగుతున్నా తీసేయమంటారు. వేగంగా పెరిగేది ఫిల్లోడిస్ కణితి (అరుదుగా వచ్చే వేరే రకం గడ్డ, కొన్ని క్యాన్సర్ కూడా అవుతాయి) కావచ్చు. ఈ రెండూ సూది ముక్కలో కూడా ఒకలాగే కనబడొచ్చని పాథాలజిస్టులు గుర్తుచేశారు. నీటి తిత్తులు 35 దాటాక ఎక్కువ. నెలసరికి ముందు ఉబ్బి నొప్పి పెడతాయి. సూదితో నీరు లాగినప్పుడు అందులో నెత్తురు ఉంటే ల్యాబ్‌కు పంపాలి, నీరు పోయాక కూడా గడ్డ మిగిలితే బయాప్సీ చేయాలి.

సూది గుచ్చితే క్యాన్సర్ పాకుతుందన్న భయం మీద పాథాలజిస్టులు ఓపిగ్గా రాసిచ్చారు. ఆ భయంతో బయాప్సీ వాయిదా వేయకండి. ఆలస్యం వల్ల జరిగే నష్టమే పెద్దది. రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం ముందే చెప్పండి, మీ అంతట మీరు ఆపేయకండి.

పాలిచ్చే తల్లుల భాగం చిన్నదే అయినా చాలా అవసరమైనది. రొమ్ము ఎర్రబడి, గట్టిపడి, జ్వరం వస్తే పాలివ్వడం మానక్కర్లేదు. ఒక రోజులో తగ్గకపోతే డాక్టరును కలవాలి. యాంటీబయాటిక్ వాడినా ఎరుపు పోకపోతే చీముగడ్డ ఉందేమో స్కాన్‌లో చూడాలి, అదీ కాకపోతే క్యాన్సర్ కోణంలో కూడా చూడాలి.

నెలసరికి ముందు గడ్డలాగా తగిలింది, పైగా వయసు చిన్నది, వేరే మార్పేమీ లేదంటే, నెలసరి అయ్యాక మరోసారి చూసుకోవచ్చు. అప్పటికీ ఉంటే ఇక ఆగొద్దు. ఈ కింద చెప్పినవాటికి ఆ గడువు కూడా లేదు, వెంటనే చూపించుకోవాలి: రాయిలా గట్టిగా, కదలకుండా ఉన్న గడ్డ, చర్మం లోపలికి లాగినట్టు గుంటపడటం లేదా నారింజ తొక్కలా మారడం, చనుమొన కొత్తగా లోపలికి పోవడం, నెత్తురు కారడం, చనుమొన మీద మానని పుండు, చంకలో గడ్డ, ముట్లుడిగాక కొత్తగా వచ్చిన ఏ గడ్డైనా. నొప్పి లేదని ధీమా వద్దు. మగవాళ్లకు రొమ్ములో గడ్డ వచ్చినా సిగ్గుపడకుండా చూపించుకోవాలి.

కరపత్రాన్ని ఎవరైనా అచ్చు వేసి పంచుకోవచ్చు, మమ్మల్ని అడగక్కర్లేదు. చోటు చాలక కుదించాల్సి వస్తే మా పేరు తీసేయండి, ‘వెంటనే చూపించుకోండి’ అన్న భాగం మాత్రం ఒక్క ముక్క తగ్గించకండి.