కంట్రోలర్ గడి ఖాళీగా వదలకండి

సంపాదకులకు నమస్కారం.

అమెరికా ఎన్నికల గురించి మీ పత్రిక బాగానే రాస్తోంది. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్ పదవికి పోటీ చేయడం మాకూ సంతోషమే. కానీ కాలిఫోర్నియాలో ఇంతమంది తెలుగువాళ్ళం ఉన్నాం, 2022 నవంబర్ 8న ఇక్కడ జరిగే స్టేట్ కంట్రోలర్ (రాష్ట్ర ఖజానా లెక్కలు చూసే అధికారి) ఎన్నిక గురించి మాత్రం మీ పేజీల్లో ఒక్క ముక్క కనబడలేదు. ఇక్కడి టీవీలూ అంతే. ఏ ఛానల్ పెట్టినా జూదానికి సంబంధించిన 26, 27 ప్రతిపాదనల యాడ్లే. పోస్టులో వచ్చిన బ్యాలెట్ నింపుతూ కంట్రోలర్ గడి దగ్గరికి వచ్చేసరికి ‘వీళ్ళెవరు?’ అని వదిలేసినవాళ్ళు నా స్నేహితుల్లోనే ఉన్నారు.

అది వదిలేసే పదవి కాదు. ఖజానా నుంచి వెళ్ళే చెల్లింపులూ, ప్రభుత్వోద్యోగుల జీతాలూ కంట్రోలర్ చేతి మీదుగానే వెళ్తాయి. ఈ అక్టోబర్ 7 నుంచి మన ఖాతాల్లో పడుతున్న రాష్ట్ర పన్ను రిఫండ్ డబ్బు పంపుతున్నది ఆదాయపు పన్ను వసూలు చేసే ఫ్రాంచైజ్ టాక్స్ బోర్డు, దాని అధ్యక్ష స్థానం కూడా కంట్రోలర్‌దే. ఉద్యోగుల, టీచర్ల పెన్షన్ నిధులు రెండూ కలిపి సుమారు 70,000 కోట్ల డాలర్లు, ఆ రెండు బోర్డుల్లోనూ కంట్రోలర్‌కు ఓటుంది. ఎవరూ అడగక మిగిలిపోయిన పాత డిపాజిట్లు, మార్చుకోని చెక్కులు వెయ్యి కోట్ల డాలర్లకు పైనే ఈ ఆఫీసు దగ్గర మూలుగుతున్నాయి. (తరచూ ఇళ్ళు మారే మనవాళ్ళు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఒకసారి వెతుక్కోండి. ఇంటిపేరు ముందు పెట్టి ఒకసారి, వెనక పెట్టి ఒకసారి!)

ఇండియాలో కాగ్‌ను రాష్ట్రపతి నియమిస్తారు. ఇక్కడ ఖజానా లెక్కలు చూసే మనిషిని మనమే ఎన్నుకుంటాం. జూన్ 7 ప్రైమరీలో (ఏ పార్టీవాళ్ళయినా మొదటి ఇద్దరే నవంబర్ పోటీకి వెళ్ళే తొలి విడతలో) ఆరుగురు నిలబడ్డారు. నలుగురు డెమోక్రాట్లు ఓట్లు పంచుకోవడంతో ఏకైక రిపబ్లికన్ లాన్హీ చెన్ 37 శాతంతో మొదట నిలిచారు, డెమోక్రాట్ మలియా కోహెన్ రెండో స్థానంలో వచ్చారు. చెన్ స్టాన్‌ఫర్డ్‌లోని హూవర్ అనే పరిశోధన సంస్థలో పనిచేస్తారు, 2012లో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి మిట్ రామ్నీకి సలహాదారు. ఎన్నికైన పదవి ఇంతవరకూ చేపట్టలేదు. కోహెన్ శాన్‌ఫ్రాన్సిస్కో సూపర్‌వైజర్‌గా (అంటే నగర పాలక మండలి సభ్యురాలిగా) చేసి, ఇప్పుడు, 2022లో, ఆస్తిపన్ను వ్యవహారాలు చూసే రాష్ట్ర ఈక్వలైజేషన్ బోర్డులో ఉన్నారు.

రాష్ట్రమంతా ఒకే పార్టీ చేతిలో ఉంది కాబట్టి లెక్క అడిగేవాడు బయటివాడై ఉండాలన్నది చెన్ వాదన. కొట్టిపారేయలేం. కోవిడ్ కాలంలో నిరుద్యోగ భృతిలో 2,000 కోట్ల డాలర్లు మోసగాళ్ళ పాలయ్యాయని ప్రభుత్వమే ఒప్పుకుంది. కంట్రోలర్ ఆఫీసు ఇవ్వాల్సిన వార్షిక లెక్కల నివేదిక గడువు దాటి నెలల తరబడి ఆలస్యమవుతోంది. అడిగితే కొత్త కంప్యూటర్ వ్యవస్థ మీద నెపం.

అయినా పార్టీ వేరైనంత మాత్రాన సరిపోతుందా? 2011 జూన్‌లో జాన్ చాంగ్ కంట్రోలర్. ఆయనా డెమోక్రాటే, సభలో మెజారిటీ కూడా డెమోక్రాట్లదే. వాళ్ళు పాస్ చేసిన బడ్జెట్‌లో రాబడికీ ఖర్చుకీ పొంతన లేదని చెప్పి శాసనసభ్యుల జీతాలు ఆపేశాడు. సొంత పార్టీవాళ్ళు లబోదిబోమన్నారు. ఆ అధికారం ఆయనకు లేదని తర్వాత కోర్టు తేల్చింది, అది వేరే సంగతి. ఆ నెలలో మాత్రం పదిరోజుల్లోపే కొత్త బడ్జెట్ పాసయింది.

కోహెన్‌ను అడగాల్సింది ఇదే: మీ గవర్నర్, మీ సభ తప్పుడు లెక్క పంపితే చెల్లింపు ఆపుతారా? చెన్‌ను అడగాల్సింది ఇంకొకటి: పార్టీ ప్రసంగాలు పక్కనపెట్టి, ఆలస్యమైన నివేదికలను ఏ తేదీలోపు బయటపెడతారు?

దీపావళి వస్తోంది. బే ఏరియాలో మన సంఘాల కార్యక్రమాలకు నాయకులు వస్తారు, శాలువాలు కప్పించుకుంటారు, ఫోటోలు దిగి వెళ్ళిపోతారు. ఈ ఇద్దరిలో ఎవరొచ్చినా నిర్వాహకులు మైకు ఓ రెండు నిమిషాలు ప్రేక్షకులకు ఇవ్వాలి. వచ్చిన జవాబులు మీరు అచ్చువేయాలి, నవంబర్ 8 లోపే.

— ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
(అక్టోబర్, 2022)