ప్రధాన సంఖ్యకు అచ్చుతప్పు
‘అతిపెద్ద ప్రధాన సంఖ్య’ (1తోనూ తనతోనూ తప్ప మరి దేనితోనూ భాగించలేనిది) అంటూ పత్రికల్లో వచ్చే వార్తల్లో ఆ సంఖ్యే తప్పుగా అచ్చవుతోంది. 2024 అక్టోబరులో, పెద్ద ప్రధాన సంఖ్యల్ని కంప్యూటర్లతో వెతికే జింప్స్ ప్రాజెక్టు ప్రకటించినది, 13,62,79,841 రెండ్లను వరుసగా గుణించి 1 తీసేస్తే వచ్చే సంఖ్య. ఎన్ని రెండ్లో చెప్పే ఘాతాంకాన్ని 2కు పైన చిన్నగా వేయకపోవడంతో అది కాస్తా ‘2136279841 - 1’ అయిపోయింది. దీని చివర సున్నా! పదితో భాగించవచ్చని ఐదో తరగతి పిల్లాడైనా చెప్తాడు. అసలు సంఖ్య 1తో ముగుస్తుంది, అందులో ఉన్న అంకెలు మొత్తం 4,10,24,320. అదీ ఇప్పటికి తెలిసినవాటిలోనే పెద్దది; ప్రధాన సంఖ్యలకు అంతు లేదని యూక్లిడ్ ఏనాడో నిరూపించాడు. బ్యాంకు లావాదేవీల రహస్య సంకేతాలకు ఇది కావాలని రాయడం మరీ విడ్డూరం, వాటికి కొన్ని వందల అంకెలవే చాలు. ఫాంటులో ఘాతాంకం కుదరకపోతే మాటల్లో రాయండి, లేదంటే పేజీ ప్రెస్సుకు వెళ్లేముందు లెక్కలు తెలిసినవాళ్లకు ఓసారి చూపించండి.
– ఒక పాఠకుడు, తెనాలి