ఒడ్డెక్కిన ఓడ పక్కన ఒక్క బోర్డు లేదు

సంపాదకుడికి నమస్కారం.

2022 దసరా సెలవులకు మా అమ్మను, భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకుని తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో విశాఖపట్నం వెళ్లాను. సెలవులొస్తే దేశమంతా తిరుపతికి వస్తుంది, తిరుపతి వాళ్లం మాత్రం ఊరు వదిలి పారిపోతాం. కైలాసగిరి, రోప్‌వే అన్నీ తర్వాతే, ముందు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడను చూడాలని పిల్లలు పట్టుబట్టారు.

తెన్నేటి పార్కు నుంచి కిందికి దిగుతుంటేనే కనబడింది. సుమారు 80 మీటర్ల ఓడ, బండల మధ్య ఇరుక్కుపోయి ఉంది. దగ్గరికి వెళితే తుప్పు పెచ్చులు పెచ్చులుగా లేచి ఉంది. కెరటం తగిలినప్పుడల్లా లోపల ఎక్కడో ఖాళీ డ్రమ్ము మీద కొట్టినట్టు మోత. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న ‘ఎం.వి. మా’ అన్న పేరును పదేళ్ల మా అమ్మాయి కూడబలుక్కుని చదివి, “మా ఓడ అంటే ఎవరిది నాన్నా?” అని అడిగింది. బెంగాలీలో మా అంటే అమ్మ అని చెప్పాను. అది విని మా అమ్మ, “అమ్మ అని పేరు పెట్టుకుని ఇలా వదిలేసి పోయారా?” అంది.

ఆ ఓడ కథ చెప్పే బోర్డు ఏదైనా ఉందేమోనని అటూ ఇటూ వెతికాను. మాకు ఎక్కడా కనిపించలేదు. బొరుగుల మిక్చరు అమ్మే అతన్ని అడిగాను (అక్కడ బొరుగులను మురీ అంటారు). “హుద్‌హుద్ తుపానుకి వచ్చింది బాబూ” అన్నాడు. పక్కన ఫొటోలు తీసే కుర్రవాడు, కాదు, దొంగబంగారం తెస్తూ పట్టుబడిన ఓడ అన్నాడు. మా అమ్మాయికి హుద్‌హుద్ కథే నచ్చింది. సెలవుల హోంవర్కు నోటుబుక్కులో అదే రాసేసింది. సాంఘికశాస్త్రం చెప్పే మాస్టారి కూతురు ఇలా రాస్తే ఆ మాస్టారి పరువేం కావాలి?

ఇంటికి వచ్చాక పాత పత్రికలు తిరగేస్తే అసలు సంగతి దొరికింది. 2020 అక్టోబరు 13న తీవ్ర వాయుగుండం కాకినాడ దగ్గర తీరం దాటిన వేళ, విశాఖ రేవు బయట లంగరు వేసి ఉన్న ఈ బంగ్లాదేశ్ సరుకు ఓడ గాలికి నిలవలేక కొట్టుకొచ్చింది. లోపలున్న 15 మంది సిబ్బందీ క్షేమంగా బయటపడ్డారు. ఓడను మళ్లీ నీళ్లలోకి లాగాలని చూశారు గానీ అది కదల్లేదు. హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబరు 12న. నెల ఒకటే, తేదీకి తేడా ఒక్కరోజే, మధ్యలో ఆరేళ్లు. పాపం, మిక్చరు అతని తప్పేమీ లేదు.

దీన్ని హోటలుగా మారుస్తారని అప్పట్లో విన్నాం. మార్చనివ్వండి, నాకు అభ్యంతరం లేదు. అయితే మేం వెళ్లేసరికే రెండేళ్లయింది. హోటలు వచ్చేదాకా మనుషులు రాకుండా ఉండరు కదా? మేమున్న గంటన్నరలో పదిహేను మంది కుర్రాళ్లు నాచు పట్టిన బండల మీదుగా ఓడ అడుగుకు చేరి సెల్ఫీలు దిగారు. ఒకతను జారి తుప్పురేకును పట్టుకున్నాడు, అరచెయ్యి చీరుకుపోయింది. మా ఆవిడ మంచినీళ్లు పోసి చేతిరుమాలుతో కట్టుకట్టింది. అంతసేపట్లో ఆపే మనిషి ఒక్కరూ కనబడలేదు, ఒక విజిలు కూడా వినబడలేదు. ఇలాంటి ఓడలను వదిలేస్తే ఏళ్లు ఎలా గడిచిపోతాయో గోవాను చూస్తే తెలుస్తుంది. 2000 జూన్‌లో కండోలిం బీచిలో ఇసుకలో కూరుకుపోయిన ‘రివర్ ప్రిన్సెస్’ను తీయడానికి పన్నెండేళ్లు పట్టింది.

అదే విశాఖలో, అదే బీచి రోడ్డులో, కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరి 2001 దాకా పనిచేసింది, మరుసటి ఏడాది మ్యూజియం అయింది. నౌకాదళంలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన మమ్మల్ని లోపల తిప్పి చూపించారు. నావికులు పడుకునే ఇరుకు బల్లలు చూసి, రైల్లో పై బెర్తు కోసం తమ్ముడితో పోట్లాడిన మా అమ్మాయి నోరు మెదపలేదు. ఇక్కడ విన్నది మాత్రం నోటుబుక్కులో ఒక్క ముక్క తప్పు పోకుండా రాసింది.

ఇదంతా తిరుపతిలో కూర్చుని ఎందుకు రాస్తున్నానంటే, 2022 ఏప్రిల్ 4న మాకూ సముద్రం వచ్చింది. కొత్త తిరుపతి జిల్లాతో పాటు తూపిలిపాళెం బీచి, పులికాట్ ఒడ్డు, దుగరాజపట్నం మా లెక్కలోకి చేరాయి. 1639లో మద్రాసు చేతికి రాకముందు ఈస్టిండియా కంపెనీ ఇంగ్లీషువాళ్లు కాపురం పెట్టింది ఆ దుగరాజపట్నంలోనే, దాన్ని వాళ్లు ఆర్మగాన్ అన్నారు. మద్రాసు స్థలం వాళ్లకు దక్కింది చంద్రగిరి రాజుల ఏలుబడి కిందే. దుగరాజపట్నం, చంద్రగిరి రెండూ ఇప్పుడు ఒకే జిల్లాలో ఉన్నాయన్న సంగతి నా తరగతిలో ఒక్క పిల్లవాడికీ తెలియదు.

కాబట్టి సంబంధిత అధికారులకు మీ పత్రిక ద్వారా నా విన్నపం. విశాఖలో ఆ ఓడ ఉన్నన్నాళ్లూ దాని చుట్టూ ఒక తాడు కట్టించండి, ఒక కాపలా మనిషిని పెట్టండి, పక్కన తెలుగులో ఒక బోర్డు నిలబెట్టండి. మా తీరంలో రిసార్టుల మాట తర్వాత, ముందు దుగరాజపట్నంలో అలాంటి బోర్డే ఒకటి పెట్టించండి. రాసేవాళ్లు దొరకలేదంటే కబురు చేయండి, అక్షరదోషాలు లేకుండా ఉచితంగా రాసిస్తాను.

ఇట్లు,
ఒక సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు,
కొర్లగుంట, తిరుపతి.