టూల్ వివరణలో లేనిది ఏజెంట్‌కు తెలియదు

సంపాదకులకు నమస్కారం.

2024 నవంబరులో మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ (బయటి సేవలను ఏఐకి కలిపే ఉమ్మడి పద్ధతి) వచ్చాక సాఫ్ట్‌వేర్ సేవలను ఏఐ ఏజెంట్ల (చెప్పిన పనిని తామే చేసిపెట్టే ఏఐ ప్రోగ్రాముల) చేతికివ్వడం బాగా సులువైంది. టూల్‌కు, అంటే ఏజెంట్ పిలిచి వాడుకునే ఒక్కో సేవకు, ఒక పేరు, చిన్న వివరణ, ఏయే వివరాలు పంపాలో చెప్పే స్కీమా ఉంటే చాలు, ఏజెంట్ దాన్ని వాడుకుంటుంది. సులువు కావడంతో ఆ వివరణను కోడంతా అయ్యాక ఒక ముక్కలో రాసి వదిలేయడం అలవాటైపోయింది. మనిషైతే అర్థం కానిచోట పక్కవాళ్లను అడుగుతాడు, స్క్రీన్ చూసి పోల్చుకుంటాడు. ఏజెంట్‌కు ఆ వివరణే దిక్కు. అందులో లేనిదాన్ని ఊహించి నింపేస్తుంది, ఆ ఊహనే ధీమాగా చెప్పేస్తుంది.

భూమి రికార్డు చూపే టూల్‌నే తీసుకోండి. 'సర్వే వివరాలు ఇస్తుంది' అని రాసి, సర్వే నంబరు అన్నారు కదా అని దానికి నంబరు టైపు పెడితే మొదటి అడుగులోనే బోల్తా. తెలంగాణలో 214/అ/2 లాంటి సర్వే నంబర్లు ఉంటాయి. నంబరు టైపులో గీతలకూ అక్షరాలకూ చోటు లేదు కాబట్టి ఏజెంట్ మొదటి గీత నుంచి మిగతాదంతా వదిలేసి 214 పంపుతుంది. వచ్చిన రికార్డు వేరే సబ్‌డివిజన్‌ది కావచ్చు, రైతుకు మాత్రం అది తన భూమిదేనని చెబుతుంది. టైపు స్ట్రింగ్‌గా (అంకెలు, అక్షరాలు, గీతలు అన్నీ పట్టేలా) పెట్టి, 'పాస్‌బుక్‌లో ఉన్నది ఉన్నట్టు, గీతలతో సహా పంపాలి. ఉదాహరణ: 214/అ/2' అని రాయాలి. ఊరి పేరుకూ ఇదే బాధ. కొత్తపల్లి అనే పేరుతో ఎన్నో ఊళ్లున్నాయి. అందుకే జిల్లా, మండలం తప్పనిసరి చేయాలి. 2016 అక్టోబరులో తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. పాత దస్తావేజులో కరీంనగర్ జిల్లా అని ఉన్న జగిత్యాల ఊరికి ఏ జిల్లా పేరు పంపాలో కూడా చెప్పాలి. రెండు ఊళ్లు దొరికితే మొదటిదాన్ని పట్టుకోకుండా అడిగినవారినే మళ్లీ అడగాలన్న మాటా వివరణలోనే ఉండాలి.

డబ్బు దగ్గర నష్టం వెంటనే కనిపిస్తుంది. చాలా చెల్లింపు వ్యవస్థలు మొత్తాన్ని పైసల్లో తీసుకుంటాయి. పారామీటర్ (టూల్‌కు పంపే విలువ) పేరు ఉత్త 'మొత్తం' అని ఉంటే ఏజెంట్ రూ.1,250 బిల్లుకు 1250 పంపుతుంది, కట్టింది పన్నెండున్నర రూపాయలవుతుంది. పేరే 'మొత్తం_పైసల్లో' అని పెడితే ఈ తప్పు చాలావరకు రాదు. ఇక రెండోది ఇంకా పెద్దది. చెల్లింపు జరిగి, జవాబు రాకముందే సమయం మించిపోతే ఏజెంట్ మళ్లీ ప్రయత్నిస్తుంది, డబ్బు రెండుసార్లు పోతుంది. ఐడెంపొటెన్సీ కీ (ఇది పాత చెల్లింపేనని సర్వర్ గుర్తుపట్టే గుర్తు) పెట్టి, 'మళ్లీ ప్రయత్నిస్తే పాత కీనే వాడాలి' అని రాయాలి. తేదీలూ అంతే. 05-06-2025 అంటే మనకు జూన్ 5, అమెరికా పద్ధతిలో మే 6. 2025-06-05 రూపమే అడగాలి.

ఎర్రర్ సందేశం కూడా డాక్యుమెంటేషనే. ఈ మాట ఎంత చెప్పినా తక్కువే. 'తప్పు అభ్యర్థన' అని వస్తే ఏజెంట్ అదే తప్పును మళ్లీ మళ్లీ పంపుతుంది. 'ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్‌లో ఐదోది సున్నా ఉండాలి, ఇంగ్లిష్ ఓ అక్షరం వచ్చింది' అంటే మరుసటి పిలుపులోనే సరిచేసుకుంటుంది. జవాబును మధ్యలో కత్తిరించినా ఆ సంగతి జవాబులోనే ఉండాలి. '340లో మొదటి 50 ఇవి' అని లేకపోతే, ఉన్నవి 50 మాత్రమే అని ఏజెంట్ తేల్చేస్తుంది.

అలాగని పేజీలకు పేజీలు రాయకూడదు. ఏఐ చదివే మాటల ముక్కలను టోకెన్లంటారు. ఒక్కో వివరణ 200 టోకెన్లయితే 100 టూల్స్‌కు 20,000 టోకెన్లు ఏజెంట్ చదవాలి, పని మొదలవకముందే. పైగా తెలుగులో రాస్తే టోకెన్లు సాధారణంగా ఇంగ్లిష్ కన్నా ఎక్కువే అవుతాయి. పోలికలున్న రెండు టూల్స్ ఉన్నప్పుడు మాత్రం 'దీన్ని ఎప్పుడు వాడకూడదు' అన్న వాక్యాన్ని పొదుపు పేరుతో తీసేయకండి. ఏజెంట్ తప్పు టూల్ ఎంచుకోకుండా ఆపేది అదే.

తొలగించే, మార్చే టూల్స్‌కు 'జాగ్రత్తగా వాడండి' అని రాయడం రక్షణ కాదు. ప్రోటోకాల్‌లో 'విధ్వంసక' అన్న గుర్తు పెట్టే వీలున్నా అది సూచన మాత్రమే. అనుమతి లేని పనిని సర్వరే నిలిపివేయాలి.

ప్రభుత్వ శాఖలు సాఫ్ట్‌వేర్ చేయించుకునేటప్పుడు కోడ్‌తోపాటు ఈ వివరణలనూ, ప్రజలు మాట్లాడే తీరులో ఉన్న కనీసం 20 పరీక్ష వాక్యాలనూ అడిగి తీసుకోవాలని మా విన్నపం. 'మా నాయిన పేరు మీద ఎంత భూమి ఉంది' లాంటి వాక్యం ఇచ్చి, ఏజెంట్ ఏ టూల్‌ను పిలిచింది, ఏ విలువలు పంపింది అన్నది చూడాలి. జవాబులు ప్రతిసారీ ఒకేలా రావు కాబట్టి ఒక్కో వాక్యాన్ని ఐదుసార్లైనా నడపాలి. తప్పితే ముందు వివరణను తిరగరాసి చూడాలి, కోడ్ జోలికి ఆ తర్వాతే వెళ్లాలి.

ఇట్లు,
సాఫ్ట్‌వేర్ మాన్యువళ్లు రాసే కొందరు ఇంజినీర్లు,
హైదరాబాద్