మన వీధి వినాయక చవితి జమా ఖర్చులు, 2025: తగ్గిన చందాలపై కమిటీ వివరణ

భీమవరంలోని మన వీధి పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, చందా ఇచ్చిన ప్రతి ఇంటికీ కమిటీ తరఫున నమస్కారం.

ఆగస్టు 27 బుధవారం చవితి నాడు నిలబెట్టిన స్వామికి సెప్టెంబరు 4న, తొమ్మిదో రోజు, నిమజ్జనం చేశాం. ఆ తర్వాత పదిహేను రోజుల లోపు లెక్క చెప్పడం మన వీధి ఆనవాయితీ. ఎప్పటిలా అంకెలు రాసి గుడి గోడకు అంటిస్తే ఈసారి సరిపోదనిపించింది. వసూళ్లు బాగా తగ్గాయి. ఎందుకు తగ్గాయో చెప్పకపోతే డబ్బులేమయ్యాయన్న అనుమానం కమిటీ మీద పడుతుంది. "వాళ్లకేం తక్కువ, ఇంతేనా ఇచ్చేది" అన్న మాట ఇచ్చినవాళ్ల మీద పడుతుంది. ఈ రెండో మాట ఇప్పటికే ఒకటి రెండు చోట్ల వినపడింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాం.

ముందు జమ. నిరుటి నిల్వ రూ.38,640. ఇంటింటి చందాలు రూ.1,94,300. షాపుల చందాలు రూ.88,500. లడ్డూ పాట రూ.61,000. హుండీ, హారతి పళ్లెం, స్కానర్ కలిపి రూ.34,680. మొత్తం జమ రూ.4,17,120. నిల్వ పక్కనపెడితే నిరుడు వచ్చింది రూ.6,38,950, ఈ ఏడాది రూ.3,78,480. అంటే రూ.2,60,470 తక్కువ.

ఇళ్ల చందాల సంగతి జాగ్రత్తగా చూడండి. నిరుడు 212 ఇళ్లు కలిసి రూ.2,86,500 ఇచ్చాయి. ఈసారి 221 ఇళ్లు ఇచ్చాయి, డబ్బు మాత్రం రూ.92,200 తగ్గింది. నిరుడు రసీదు పుస్తకంలో ఎక్కువగా కనపడింది 1,116. ఈసారి 516, 216. నూట పదహార్ల రసీదులు కూడా చాలా ఉన్నాయి. ఏ గుమ్మంలోనూ మమ్మల్ని ఉత్త చేతుల్తో పంపలేదు. భక్తి తగ్గిందనేవాళ్లకు ఈ రసీదు పుస్తకమే జవాబు.

షాపుల దగ్గర దెబ్బ ఇంకా గట్టిగా తగిలింది. నిరుడు రూ.1,74,000 ఇచ్చినవాళ్లు ఈసారి అందులో దాదాపు సగమే ఇవ్వగలిగారు. ఎప్పుడూ పెద్ద చందా రాసేది రొయ్యల మేత షాపులు, చెరువు నీటికి గాలి పట్టించే ఏరియేటర్లను బాగుచేసే షెడ్లు, ఐస్ ఫ్యాక్టరీ. మేత షాపులో కూర్చున్నాయన మా ముందే అప్పుల పుస్తకం తెరిచి చూపించారు. రైతుల పేర్ల ఎదురుగా ఏప్రిల్ నుంచి రాసిన బాకీలు, పక్కన జమ గడి ఖాళీ. "పట్టుబడి (చెరువులో రొయ్యలు పట్టడం) అయ్యాక ఇస్తామన్నారు. పట్టుబడి అయింది, మిగల్లేదు" అన్నారు. అయినా రెండు వేలు చేతిలో పెట్టారు.

భీమవరంలో ఉండేవాళ్లకు ఈ గొలుసు వేరే చెప్పక్కర్లేదు కానీ, హైదరాబాదు నుంచీ బెంగళూరు నుంచీ ఫోన్‌పేలో చందా పంపే మన పిల్లల కోసం రాస్తున్నాం. మన చెరువుల్లో పెంచే వనామీ రొయ్యను అందరికన్నా ఎక్కువ కొనేది అమెరికా. ఏప్రిల్ 2న అక్కడ కొత్త సుంకాల ప్రకటన రాగానే ఇక్కడ చెరువు గట్టు మీద కొనుగోలు ధర పడిపోయింది. ఆగస్టు 7 నుంచి 25 శాతం అన్నారు. ఆగస్టు 27 నుంచి ఇంకో 25 అన్నారు. అంటే మనం స్వామిని పందిట్లోకి తెచ్చిన రోజే అది అమలయింది. పాత యాంటీ డంపింగ్ (మరీ చవగ్గా అమ్ముతున్నారని వేసే) లాంటి సుంకాలు కూడా కలిపితే అప్పటికి రొయ్య మీద దాదాపు 58 శాతం అయింది. ఆ భారం ఎగుమతిదారు రైతు మీదకు నెడతాడు, రైతు సీడు (రొయ్య పిల్లలు) వేయడం తగ్గిస్తాడు. చెరువులో రొయ్య తగ్గితే మేత షాపుకి, ఐసుకి, వ్యాన్ డ్రైవరుకి, పట్టుబడి కూలీకి, ప్లాంటులో రొయ్య వలిచే ఆడవాళ్లకి పని తగ్గుతుంది. మన వీధిలో సగం ఇళ్లు ఈ పనుల్లో ఏదో ఒకదాని మీద బతికేవే.

దేశం లెక్కలో మాంద్యం లేదు. ఏప్రిల్-జూన్ మూడు నెలల్లో 7.8 శాతం వృద్ధి అని ఆగస్టు 29న ప్రకటించారు, అప్పటికి మన పందిట్లో మూడో రోజు పూజ. ఆ అంకె తప్పని మేం అనడం లేదు. చందాలకు తిరిగినప్పుడు ఇంటింటా చూసింది మాత్రం వేరు.

తెల్లవారుజామున మలుపు దగ్గర ప్లాంటు బస్సు ఆగుతుంది. అది వస్తే ఆ రోజు పని ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. శ్రావణమాసం నుంచి బస్సు రాని రోజులు ఎక్కువయ్యాయి. అయినా టిఫిన్ బాక్సు కట్టుకుని నిలబడి, ఏడు దాటాక వెనక్కి వెళ్లే అక్కలను పాలకి వెళ్లేవాళ్లందరూ చూస్తూనే ఉన్నారు. కిరాణా కొట్టులో లీటరు నూనె ప్యాకెట్ల బదులు పావులీటరు ప్యాకెట్లు ముందు వరసలోకి వచ్చాయి. సబ్బు పొడి కూడా పది రూపాయల ప్యాకెట్టే అడుగుతున్నారు. ఐదో తారీఖుకల్లా ఖాతా తీర్చేసే ఇళ్లు ఇప్పుడు సగం కట్టి, మిగతాది పై నెలకు రాయించుకుంటున్నాయి. టిఫిన్ హోటల్ బాబాయి సాయంత్రం పూట పొయ్యి వెలిగించడం మానేశారు. పెసరట్టు ఉప్మా తినేవాళ్లు ఇడ్లీతో సరిపెట్టుకుంటున్నారట. చివరి సందులో మూడు పోర్షన్లకు టూ-లెట్ బోర్డులు వేలాడుతున్నాయి. ఒడిశా నుంచి ప్లాంటు పనికి వచ్చిన కుటుంబాలు ఖాళీ చేసి వెళ్లిన గదులవి.

బంగారం పది గ్రాములు ఈ ఏడాదే లక్ష దాటింది కదా. కొనేవాళ్లు తగ్గారు, తాకట్టు పెట్టేవాళ్లు పెరిగారు. "వస్తువు బ్యాంకులో ఉంది, విడిపించుకోగానే మిగతాది ఇస్తాం" అన్న మాట ఒక్క ఇంట్లో విన్నది కాదు. చిట్టీల్లోనూ అంతే. ఆఖరిదాకా ఆగి నిండు డబ్బు తీసుకునేవాళ్లు కూడా ఎక్కువ నష్టానికి పాడి ముందే ఎత్తుకుంటున్నారు.

అన్నింటికీ రొయ్యే కారణమంటే న్యాయం కాదు. ఆటో అన్నయ్యలకు గిరాకీ తగ్గడానికి ఆగస్టు 15న మొదలైన ఆడవాళ్ల ఉచిత బస్సు కూడా ఒక కారణమని వాళ్లే చెప్పారు. ఆ బస్సు వల్ల ఛార్జీ మిగిలి చందాకు వంద కలిపిన ఇళ్లూ మన వీధిలోనే ఉన్నాయి. బండ్ల షోరూముల్లో, ఫ్రిజ్‌ల షాపుల్లో పనిచేసే కుర్రాళ్లదీ వేరే కథ. జీఎస్టీ తగ్గుతుందని ఆగస్టు 15న తెలిసిన దగ్గర్నుంచి కొనేవాళ్లు ఆగిపోయారు, వీళ్లకు ఆ నెల కమీషన్ పోయింది. సెప్టెంబరు 22 నుంచి కొత్త రేట్లు వస్తున్నాయి. వాళ్లకు గిరాకీ తిరిగొస్తుందని ఆశ.

లడ్డూ పాట నిరుడు రూ.1,51,000కి వెళ్లింది, పాడినాయన రొయ్యల రైతు. ఈసారి ఆయన పందిట్లో చేతులు కట్టుకుని వెనక నిలబడ్డారు. పాట ఇరవై వేల దగ్గర ఆగిపోతే ఆటో స్టాండు వాళ్లు, టైలరమ్మ, ఇస్త్రీ బండి తాతయ్య వగైరా పదకొండు ఇళ్లవాళ్లు కలిసి రూ.61,000కి పాడుకున్నారు. డబ్బు మర్నాటికల్లా పూర్తిగా కట్టేశారు. లడ్డూని పదకొండు భాగాలు చేసి, మొదటి ముక్క ఆ రైతు ఇంటికే పంపారు.

పెరిగింది ఒక్క హుండీ పద్దే. నిరుడు పళ్లెంతో కలిపి రూ.27,450, ఈసారి రూ.34,680. అందులో స్కానర్ మీద వచ్చింది రూ.11,270. మిగతాదంతా పది, ఇరవై నోట్లు, చిల్లర. లెక్కపెట్టడానికి నలుగురికి రాత్రి పొద్దుపోయింది.

ఇక ఖర్చు. నిరుడు పన్నెండు అడుగుల విగ్రహం రూ.78,000. ఈసారి ఏడడుగుల మట్టి విగ్రహం, రవాణాతో కలిపి రూ.32,000. పందిరి, షామియానా, లైట్లు, మైకు రూ.74,500. డీజే పెట్టలేదు, రోడ్డు పొడవునా లైటింగ్ ఆర్చీలు కట్టలేదు. మండపాలకు కరెంటు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చింది కాబట్టి ఆ బిల్లు లేదు, వైరింగ్ సామానూ కూలీ రూ.6,200. పంతులుగారి సంభావన రూ.27,000. ఇందులో రూపాయి తగ్గించలేదు, ఆయనా అడగలేదు. పూలు, పూజా సామగ్రి, లడ్డూ, నైవేద్యాలు రూ.38,460. రసీదు పుస్తకాలు, ఒక ఫ్లెక్సీ రూ.3,150. వీధి శుభ్రం చేసే పారిశుద్ధ్య కార్మికులకు బట్టలు రూ.9,600. నిరుడు లారీ మీద నరసాపురం వశిష్ఠ గోదావరి దాకా వెళ్లాం. ఈసారి ట్రాక్టరు మీద మున్సిపాలిటీ వాళ్లు చూపించిన చోటే నిమజ్జనం చేశాం. ట్రాక్టరు, డప్పులు, మజ్జిగ కలిపి రూ.24,300.

మిగిలిన పెద్ద పద్దు అన్నసమారాధన, రూ.1,58,740. అన్నింటిలో కోత పెట్టి ఇందులో ఎందుకు పెంచారని అడిగారు కాబట్టి చెబుతున్నాం. నిరుడు పన్నెండు వందల విస్తళ్లు లేచాయి. ఈసారి పందిరి వేసేటప్పుడే ఎక్కువమంది వస్తారని పెద్దవాళ్లు హెచ్చరించారు. డబ్బుగా ఇవ్వలేమన్న మూడు ఇళ్లవాళ్లు ఆరు బస్తాల బియ్యం పంపారు. ఆగస్టు 31 ఆదివారం మధ్యాహ్నం రెండింటికి గంగాళాలు అడుగంటాయి. బంతి మాత్రం ఇంకా లేవలేదు, రోడ్డు మీద వరుస ఉంది. గాడిపొయ్యిలో మళ్లీ కట్టెలు ఎగదోసి రెండో విడత అన్నం, సాంబారు దించాం. మొత్తం 1,850 విస్తళ్లు. నిరుటి పూర్ణం బూరెలు ఈసారి లేవు. ఆ డబ్బు బియ్యానికీ, పప్పుకీ, గుత్తివంకాయ కూరకీ వెళ్లింది.

కొందరు క్యారేజీల్లో పట్టుకెళ్లారని, అది పద్ధతి కాదని ఒక ఫిర్యాదు వచ్చింది. పట్టుకెళ్లమన్నది కమిటీయే. మంచాన ఉన్న అత్తగారికి, బాలింత కూతురికి, ప్లాంటు నుంచి రావడం ఆలస్యమయ్యే కోడలికి ప్రసాదం తీసుకెళ్లడంలో తప్పు లేదు. వచ్చే ఏడాదీ ఇలాగే ఇస్తాం. క్యారేజీ తెచ్చినవాళ్లను వరుసలో వెనక్కి నిలబెట్టడం కూడా ఉండదు.

మొత్తం ఖర్చు రూ.3,73,950. నిల్వ రూ.43,170. ఈ డబ్బు బ్యాంకు ఖాతాలో ఉంది. ఎవరికీ బాకీ లేము.

చందా రాయించుకుని ఇంకా ఇవ్వనివాళ్లవి రూ.14,900 ఉన్నాయి. వాటిని జమలో చూపలేదు. ఆ ఇళ్లకు మళ్లీ వెళ్లం, ఎవరినీ అడగం. వాళ్లంతట వాళ్లు తెచ్చిస్తే రసీదు ఇస్తాం. హారతి వేళ పేరూ మొత్తమూ మైకులో చదవడం కూడా ఈసారి ఆపేశాం. ఇంటి వరుసలో పేర్లు చదివాం, అంతే. నిరుడు ఐదు వేలు ఇచ్చినాయన ఈసారి ఐదొందలు ఇస్తే ఆ అంకె మైకులో వినాల్సిన పని వీధికి లేదు. పెద్ద మొత్తం ఇచ్చిన ఇద్దరు ముగ్గురికి ఇది నచ్చలేదు. వారి ఔదార్యం మీద మాకు గౌరవం ఉంది, నిర్ణయం మాత్రం మార్చం. ఎవరి మొత్తం వాళ్ల రసీదులో, కౌంటర్ ఫాయిల్‌లో ఉంది.

నిల్వలో రూ.25,000 పనులు ఆగిపోయిన ఇళ్లకు రెండు నెలల కిరాణా సరుకులుగా ఇద్దామని కమిటీ ప్రతిపాదన. మన వీధి కొట్టులోనే కొంటే ఆయనకూ కాస్త బేరం. బిల్లులు అందరికీ చూపిస్తాం, ఇళ్ల పేర్లు చెప్పం. రాత్రి కరెంటు పోతే చీకట్లో ఉండే గుడి మెట్ల దగ్గర ఇన్వర్టరు పెట్టించాలని కొందరి మాట, వచ్చే ఏడాదికి దాచాలని ఇంకొందరి మాట. ఈ ఆదివారం, సెప్టెంబరు 14న, సాయంత్రం 6 గంటలకు గుడి అరుగు మీద సమావేశం. చెయ్యెత్తి తేలుద్దాం. ఆ పూట ప్లాంటుకు వెళ్లే ఆడవాళ్లు తమ మాట ముందే చెప్పి పంపినా లెక్కలోకి తీసుకుంటాం.

రసీదు పుస్తకాలు, వోచర్లు, బ్యాంకు పాస్‌బుక్ అప్పటిదాకా రోజూ సాయంత్రం కోశాధికారి ఇంటి వరండాలో ఉంటాయి. దసరాకు విడిగా చందా ఎత్తడం లేదు.

ఇట్లు,
ఉత్సవ కమిటీ