తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారికి నమస్కారం.

నా వయసు 38. ఏఎంహెచ్ పరీక్షలో అండాల నిల్వ బాగా తగ్గిందని తేలింది. ఆ రక్తపరీక్ష అండాల సంఖ్యను అంచనా వేస్తుందే గానీ నాణ్యతను చెప్పదు. తక్కువుందంటే ఇక బిడ్డ పుట్టదనీ కాదు. ఈ ఒక్క మాట విడమరచి చెప్పేవాళ్లు లేక, రిపోర్టు పట్టుకుని ఏడుస్తూ బయటికొచ్చే ఆడవాళ్లను చూశాను.

వయసు 35 దాటాక, ప్రయత్నిస్తున్నా గర్భం రాకపోతే ఏడాది ఎదురుచూడకూడదు, 6 నెలలకే డాక్టరును కలవాలి. శ్రీకాళహస్తి, సత్యవేడు పక్క పల్లెల్లో ఇది చెప్పేదెవరు? "కొండకు మొక్కుకోమ్మా" అంటారు. మొక్కుకున్నాం, స్వామి మీద నా నమ్మకం ఎక్కడికీ పోదు. కానీ అండాలు తరిగిపోవడం ఆగదు కదా సార్!

ప్రభుత్వాసుపత్రుల్లో సంతానలేమికి వారానికొక రోజు ప్రత్యేక ఓపీ పెట్టించండి. ఏఎంహెచ్, స్కానింగు ఉచితంగా చేయించండి. భర్తకూ వీర్యపరీక్ష తప్పనిసరని ఆశా కార్యకర్తలతో ఇంటింటా చెప్పించండి, నింద మాత్రం ఇప్పటికీ కోడలిమీదే పడుతోంది. ఆయుష్మాన్ భారత్‌లో సంతాన చికిత్సలకు చోటు లేదు. ఎన్టీఆర్ వైద్య సేవలో ఐవీఎఫ్‌కు (టెస్ట్‌ట్యూబ్ బేబీ చికిత్సకు) సాయం అందించాలని ప్రభుత్వానికి మీరే సిఫారసు చేయండి. మాలాంటి వాళ్లకు ఒక్కో నెలా విలువైనదే, త్వరగా చేయండి.

ఇట్లు,
తిరుపతి వాసి